ఏసీ నీళ్ళు

బ్యాంకు వెనక సందులో
నా నీలం బకెట్టు ఉంటుంది,
మేనేజరు గది ఏసీ పైపు కింద.
చుక్క, చుక్క, మళ్ళీ చుక్క.
మామూలు రోజుల్లో సాయంత్రానికి ముప్పాతిక.
రోహిణి కార్తెలో మధ్యాహ్నానికే పొర్లుతుంది.
వింజమూరులో ఎండ ముదిరేకొద్దీ
పెరిగే నీళ్ళు ఇవొక్కటే.

పదేళ్ళు నీళ్ళ ల్యాబులో సీసాలు కడిగినదాన్ని,
ఆ తర్వాత ఇరవయ్యేళ్ళు
సీసాల్లో నీళ్ళకి అంకెలు రాసినదాన్ని.
ఏ ఊరి బోరు ఎంత ఉప్పో,
ఏ వీధి పంపు ఎముకలు వంచేదో
రిజిస్టరు తెరవకుండా చెప్తాను.
మా పెరటి బోరు పీహెచ్ ఎనిమిది పాయింటు నాలుగు.
ఈ మొక్క అడిగేది ఐదున్నర.
ఆ రెండంకెల మధ్య దూరం
కూనూరు నించి మా పెరడంత.

యాత్ర బస్సు దిగి కొన్నాను, రెండొందల ఎనభై.
"కెమీలియా" అన్నాడు నర్సరీ అబ్బాయి.
నా మొహం చూసి, "టీ మొక్కకి అక్క" అన్నాడు.
ఒళ్ళో పెట్టుకుని తెచ్చాను.
నాయుడుపేట దాటాక పక్కసీట్లో శేషారత్నం,
"దీన్ని మన ఎండలో నాటేదానికన్నా
ఇప్పుడే కిటికీలోంచి ఇసిరేస్తే పుణ్యం వస్తాదే."

మొదటి ఏడు ఆకులన్నీ పసుప్పచ్చన,
ఈనెలు మాత్రం ఆకుపచ్చ.
మనిషికైతే రక్తం లేదంటాం.
బోరు నీళ్ళు మానేశాను.
ఖాదర్ టీకొట్లో పారేసే పిప్పిని
పాల వాసన పోయేదాకా నాలుగుసార్లు కడిగి
ఆరబెట్టి మొదట్లో వేశాను.
అల్లూరు తోపుల నించి గోతాం నిండా సరుగుడాకు,
నిమ్మచెట్టు నీడ, తడి గోనెపట్టా.
నా రెండు కాన్పులకీ
మా అమ్మ ఇంత పథ్యం పెట్టలేదు.

ఒకరోజు బకెట్టు ఎత్తుకుంటుంటే
మాలకొండయ్య ఆగాడు. వరికుంటపాడు మనిషి.
నడుం నిలువుగా లేవదు ఆయనకి,
ఎవరితో మాట్లాడినా నేలతో మాట్లాడినట్టే.
"ఏం నీళ్ళమ్మా అయ్యి?"
"ఏసీ నీళ్ళు."
"దాంట్లో అది ఉంటాదా?"
అది అంటే ఏదో ఇద్దరికీ తెలుసు.
"లేదు. సున్నా."
ఆ అంకె నా చేత్తో
ఒక్క రిజిస్టర్లోనూ రాయలేదు.
"మరి తాగొచ్చా?"
"కూడదు. రాగి గొట్టాల మీంచి వస్తాయి. దుమ్ము, బూజు..."
తలూపాడు. ఇలాంటి జవాబులు అలవాటైన తల.
"మొక్కకా? మంచిదే."

ఆ రాత్రి పాత పుస్తకం తీశాను.
టీ జాతి మొక్కలు ఫ్లోరైడుని పీల్చి
ఆకుల్లో దాచుకుంటాయట,
ముదురాకులో మరీ ఎక్కువగా, ఏ నొప్పీ లేకుండా.
దీనికి సయించనిది మన నీళ్ళలో సున్నం.
మాలకొండయ్యని వంచింది దీన్ని ఏమీ చేయదు.
దీపం ఆర్పి చాలాసేపు కూచున్నాను.

నాలుగో ఏడు, తుఫాను ముసురు వెలిశాక,
మొగ్గలు పదకొండు.
బఠాణీ గింజలంత ఉండగానే పది రాలాయి.
తెల్లారి ఊడుస్తుంటే
చీపురుకి టక్కుమని తగిలేవి.
పదకొండోది ధనుర్మాసంలో విచ్చింది.
మందారం ఎరుపు కాదు,
తాంబూలం వేసుకున్న నాలుక ఎరుపు.
శేషారత్నం వచ్చి ముక్కు ఆనించి చూసింది.
"వాసన్లేదే. జళ్ళో పెట్టేదానికీ పనికిరాదు."
అంటూనే కుర్చీ లాక్కుని
చీకటి పడేదాకా పోలేదు.

ఆరో రోజు పడిపోయింది.
రేకు రేకుగా కాదు, పూవుకి పూవే,
మొహం పైకి పెట్టుకుని, ఇంకా తాజాగా.
చేత్తో పట్టుకుని బ్యాంకు సందుకి వెళ్ళాను.
చలికాలం మేనేజరు ఏసీ వేయడు,
ఆ సంగతి నాకు తెలుసు.
ఇంట్లో డ్రమ్ము నిండా వాన నీళ్ళున్నాయి కూడా.
మాలకొండయ్య గోడ వారన కూచోనున్నాడు.
పువ్వు ఆయన ఒళ్ళో పెట్టాను.
తిప్పి తిప్పి చూశాడు, తొడిమ దగ్గర గోటితో తాకాడు.
మెచ్చుకుంటాడేమో అనుకున్నాను.

"ఇయ్యాళ ఒక్క చుక్కా పళ్ళేదమ్మా,
నేను పొద్దుట్నించీ చూస్తానే ఉండా"
అన్నాడు, బకెట్టు వైపు.